సమాధానం: ఉపాంత ప్రయోజనాలు సమానమైనా లెక్క ఎందుకు తప్పింది?

X, Y అనే రెండు వస్తువులు ఎన్నెన్ని కొంటే మొత్తం ప్రయోజనం (వాటి వల్ల కలిగే తృప్తి) అత్యధికమవుతుందనేది మీ లెక్క. అందులో X ధర 2 రూపాయలు, Y ధర 4, బడ్జెట్ 14. X ఒకటి, Y మూడు కొంటే రెండింటి ఉపాంత ప్రయోజనం (చివరగా కొన్న ఒక్కటి అదనంగా ఇచ్చే ప్రయోజనం) 20 దగ్గర సమానమైంది కాబట్టి అక్కడే ఆగారు. కానీ Yకి రెట్టింపు ధర కదా! పోల్చాల్సింది ఉపాంత ప్రయోజనాన్ని ధరతో భాగిస్తే వచ్చేదాన్ని: Xకి 10, Yకి 5.

మూడో Y వదిలేయండి. 20 పోతుంది, 4 రూపాయలు మిగులుతాయి. మీ పట్టికలో తర్వాతి రెండు Xలు 16, 12 ఇస్తున్నాయి, అంటే 28. నికర లాభం 8. మొత్తం ప్రయోజనం 92 నుంచి 100కి చేరింది. ఇప్పుడు X మూడు, Y రెండు. మూడో X ఇచ్చే 12ని ధర 2తో, రెండో Y ఇచ్చే 24ని ధర 4తో భాగిస్తే రెండూ 6. బడ్జెట్ కూడా సరిగ్గా అయిపోయింది (పరీక్షలో ఇది చెక్ చేయడం చాలామంది మర్చిపోతారు). ఇలా ధరతో భాగించిన ఉపాంత ప్రయోజనాలు సమానం కావాలన్నదే సమోపాంత ప్రయోజన సూత్రం, జర్మన్ ఆర్థికవేత్త గోసెన్ 1854లోనే చెప్పాడు.

ధర మారితే మళ్లీ మొదటి నుంచి భాగించాలి.