కార్నో సూత్రం కండరానికి వర్తించదండీ

310 కెల్విన్ ఒంటికి, 298 కెల్విన్ గాలికి కార్నో సూత్రం (వేడితో నడిచే ఇంజను గరిష్ఠ సామర్థ్యం చెప్పేది) వేస్తే 3.9 శాతమే వస్తోంది, కండరమేమో 25 శాతం దాకా పని ఇస్తోంది, ఉష్ణగతిక శాస్త్రపు రెండో నియమం తప్పిందా అని అడిగారు. తప్పలేదండీ. మీ కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి, సూత్రమే ఇక్కడిది కాదు. కార్నో హద్దు వేడిని పనిగా మార్చే ఇంజన్లకు. కణం వేడితో నడవదు, లోపల అంతా దాదాపు ఒకే ఉష్ణోగ్రత. అక్కడ హద్దు గిబ్స్ శక్తి, అంటే ఉష్ణోగ్రత, పీడనం మారకుండా ఒక రసాయన చర్య నుంచి పనిగా రాబట్టగలిగే గరిష్ఠ శక్తి.

లెక్క ఇలా వేయండి. ఒక మోల్ గ్లూకోజు పూర్తిగా ఆక్సీకరణం చెందితే సుమారు 2,870 కిలోజౌళ్ల గిబ్స్ శక్తి వస్తుంది. దాంతో కణం 32 మోళ్ల ఏటీపీ (కణం శక్తిని దాచుకుని వాడుకునే అణువు) చేసుకుంటుంది, మోల్‌కు 30.5 కిలోజౌళ్ల చొప్పున 976, అంటే 34 శాతం. పాత పుస్తకాల్లోని 38 ఏటీపీల లెక్క పట్టుకుంటే 40 శాతం వస్తుంది, అది వాడకండి. ఇంకోటి, 30.5 ప్రామాణిక స్థితి విలువ, అంటే పదార్థాలన్నీ ఒకే నిర్ణీత గాఢతలో ఉన్నాయనుకుని వేసింది. కణంలో ఏడీపీ (ఏటీపీ ఖర్చయ్యాక మిగిలేది) గాఢత బాగా తక్కువ కాబట్టి నిజానికి 50 దగ్గర ఉంటుంది, సామర్థ్యం 55 శాతం దాటుతుంది.

ఏటీపీ నుంచి కండర సంకోచానికి వెళ్లేటప్పుడు మళ్లీ నష్టం, అందుకే చివరికి 25 శాతం. సైకిల్ మీద 100 వాట్లు తొక్కితే 300 వాట్లు వేడే. దాన్ని చెమటతోనే వదిలించాలంటే గంటకు దాదాపు 450 మిల్లీలీటర్లు ఆవిరవ్వాలి. కారిపోయిన చెమట లెక్కలోకి రాదు.