టెక్ సందేహాలు: బీరువాలో దొరికిన లూమియా, నోకియా ఆడిన జూదం

ప్రశ్న: బీరువా సర్దుతుంటే నాన్నగారి పాత నోకియా లూమియా 520 దొరికింది. చార్జింగ్ పెడితే ఆన్ అయింది కానీ వాట్సాప్ పనిచేయడం లేదు, స్టోర్ తెరుచుకోవడం లేదు. అందులోని ఫొటోలు ఎలా తీసుకోవాలి? అంత పేరున్న నోకియా ఆండ్రాయిడ్‌ని వదిలి విండోస్‌ని ఎందుకు పట్టుకుందో కూడా చెప్పండి.
– ఓ పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: ముందు ఫొటోల సంగతి చూద్దాం. ఎవరు చెప్పినా సరే, ఫోన్‌ని రీసెట్ చేయకండి. విండోస్ ఫోన్ 8.1 స్టోర్‌ని మైక్రోసాఫ్ట్ 2019 డిసెంబరులోనే మూసేసింది. ఒకసారి తుడిచేశారంటే పాత యాప్‌లు మళ్లీ రావు. వెనక మూత ఊడదీసి బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే ఇక చార్జింగ్ పెట్టొద్దు. అది బీఎల్-5జే రకం. అప్పట్లో ఇంటింటా కనిపించిన నోకియా 5233లోనూ అదే ఉండేది కాబట్టి ఏ పాత సెల్ షాపులోనైనా అడిగి చూడొచ్చు. తర్వాత మైక్రో యూఎస్‌బీ కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌కి కలపండి, ఫోన్ లాక్ తీసి ఉంచండి. పిక్చర్స్ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేసుకోండి, మెమరీ కార్డు ఉంటే అందులోదీ వదలొద్దు. వాట్సాప్ చాట్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

ఇక జూదం సంగతి. 2010 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ నుంచి వచ్చిన స్టీఫెన్ ఇలాప్ నోకియా పగ్గాలు పట్టారు. నోకియా సొంత ఓఎస్ (ఫోన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) సింబియన్ బటన్ల ఫోన్ల కాలంలో పుట్టినది, టచ్ ఫోన్ల ముందు ఆయాసపడుతోంది. 2011 ఫిబ్రవరి 11న లండన్‌లో అప్పటి మైక్రోసాఫ్ట్ సీఈఓ స్టీవ్ బాల్మర్‌ని పక్కన నిలబెట్టుకుని, ఇకపై మా స్మార్ట్‌ఫోన్లకు ప్రధాన ఓఎస్ విండోసే అని ప్రకటించారు.

ఆండ్రాయిడ్‌కి వెళ్తే శాంసంగ్ వెనకాల గుంపులో గోవిందా అవుతామని భయం. పైగా మ్యాపుల కోసం 810 కోట్ల డాలర్లు పోసి నావ్‌టెక్ అనే కంపెనీని కొన్నారు. గూగుల్ ఇంట్లో ఆ మ్యాపులకు చోటేది? ఇటు మైక్రోసాఫ్ట్ మూడు నెలలకోసారి 25 కోట్ల డాలర్లు చేతిలో పెడతానంది. ఆ రోజు లెక్క ప్రకారం ఇది పిచ్చి నిర్ణయమేమీ కాదు.

నా ఉద్దేశంలో నోకియాని ముంచింది విండోస్ కన్నా ఆ ప్రకటన చేసిన వేళ. అప్పటికి చేతిలో ఒక్క విండోస్ ఫోన్ లేదు. మొదటి లూమియా 800 దుకాణానికి వచ్చేసరికి నవంబరు అయింది. ఈ తొమ్మిది నెలలూ అరల్లో ఉన్నవి సింబియన్ ఫోన్లే. దానికి ఇక నూకలు చెల్లాయని కంపెనీ పెద్దే చాటింపు వేశాక ఎవరు కొంటారు? కొత్తింటికి పునాది తీయకుండానే పాతింటి కప్పు లేపేశారు.

నాకు ఇప్పటికీ బాధనిపించేది నోకియా ఎన్9 ఫోన్. మీగో అనే మరో ఓఎస్‌తో అదే ఏడాది వచ్చింది. ముందువైపు బటనే లేదు, అంచు నుంచి వేలితో తోస్తే యాప్ పక్కకు తప్పుకునేది. ఈ రోజు మనమంతా చేస్తున్నది అదే! ఆ ఫోన్ ఒళ్లే తీసుకుని, లోపల విండోస్ పెట్టి లూమియా 800 అన్నారు.

మరుసటి ఏడాది ఇంకో దెబ్బ. 2012 జూన్‌లో విండోస్ ఫోన్ 8 ప్రకటిస్తూ, ఇప్పటికే కొన్న లూమియాలకు అది రాదన్నారు. లూమియా 900 అమెరికాలో అమ్మకానికొచ్చి అప్పటికి మూడు నెలలు కూడా నిండలేదు. పాతవాళ్లకు విండోస్ ఫోన్ 7.8 అని ఓ కొసరు వడ్డించి సరిపెట్టారు. యాప్‌లదీ అదే వరస. ఇన్‌స్టాగ్రామ్ కోసం 2013 నవంబరు దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. యూట్యూబ్ యాప్‌ని మైక్రోసాఫ్ట్ తానే తయారు చేసుకుంటే గూగుల్ అడ్డుపడింది.

మీ నాన్నగారి 520 మాత్రం మంచి ఫోన్. 512 ఎంబీ ర్యామ్, ఫ్లాష్ లేదు, సెల్ఫీ కెమెరా లేదు. అయినా ఆ ధరలో ఆండ్రాయిడ్‌లు నత్తనడక నడిచే రోజుల్లో దీని టైల్స్ (తెర మీది యాప్ గడులు) వేలి కింద నీళ్లలా జారేవి. విండోస్ ఫోన్లలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైంది ఇదే.

2013 సెప్టెంబరులో ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కే 544 కోట్ల యూరోలకు అమ్మడానికి ఒప్పుకున్నారు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ పన్ను గొడవ వల్ల ఆ బేరంలోకి రాలేదు, 2014 నవంబరు 1న అక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. ఈ కొనుగోలు వద్దని మైక్రోసాఫ్ట్ లోపల ఓటేసినవారిలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ఒకరు. ఆయన సీఈఓ అయ్యాక, 2015 జులైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద కొట్టేయాల్సి వచ్చింది.

ప్రశ్న: షాపులో నోకియా పేరుతో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. ఇది పాత నోకియానేనా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పేరు నోకియాది, తయారీ బాధ్యత హెచ్‌ఎండీ అనే కంపెనీది. ఇదీ ఫిన్లాండ్ కంపెనీయే. ఆ పేరు వాడుకునే హక్కు తీసుకుని 2017 నుంచి కొన్నేళ్లపాటు ఆండ్రాయిడ్ ఫోన్లు అమ్మింది. షాపులో డెమో ఫోన్ చేతికిస్తే సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అప్‌డేట్ చేసినా ఏడాది పాతదే చూపిస్తుంటే ఆ మోడల్ వదిలేయండి.