పెళ్లి కాకుండానే నాన్నమ్మను అవుతున్నాను, ఏం చెప్పను?

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఇంజినీరు. మూడేళ్లుగా అక్కడి అమ్మాయితో కలిసి ఉంటున్నాడు. ఆ అమ్మాయికిప్పుడు ఐదో నెల. పెళ్లి సంగతి తర్వాత చూద్దాం అంటున్నారు. మావారు వాడితో మాట మానేశారు. వాడు స్కాన్ ఫొటో పంపితే, తోడికోడలు రాగానే ఫోన్ బోర్లా పెట్టేశాను. కాన్పులోగా తాళి కట్టించాలా? రిజిస్టర్ మ్యారేజ్ అయిందని చుట్టాలకు చెప్పేయనా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీరు ఫోన్ బోర్లా పెట్టిన ఆ విషయం తులూజ్‌లో ఎవరూ దాచుకోరు. ఫ్రాన్స్‌లో పుట్టే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా పెళ్లి కాని తల్లులకే పుడుతున్నారు. 1970లో వందకు ఏడుగురే. సక్రమ సంతానం, అక్రమ సంతానం అన్న తేడాను చట్టంలోంచి 2006లోనే తీసేశారు. కాబట్టి 'తర్వాత చూద్దాం' అన్నంత మాత్రాన ఆ అమ్మాయికి మీవాడి మీద నమ్మకం లేదనుకోకండి.

మీవాణ్ణి అడగాల్సింది తాళి గురించి కాదు, ఒక సంతకం గురించి. అక్కడ పెళ్లయితే భర్తే తండ్రి. పెళ్లి కాకపోతే తండ్రి 'మేరీ'కి, అంటే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి, బిడ్డ నాదేనని సంతకం పెట్టాలి. గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ పట్టుకుని కాన్పుకు ముందే వెళ్లొచ్చు. 'పాక్స్' అనే సహజీవన ఒప్పందం రాసుకున్నా ఇది తప్పదు. బిడ్డకు ఏడాది నిండేలోపు ఆ సంతకం పెడితే హక్కులూ బాధ్యతలూ ఇద్దరికీ సమానం. ఈ పని అయిందా అని రేపే అడగండి.

రిజిస్టర్ మ్యారేజ్ అబద్ధం మాత్రం వద్దు. హడావుడి పెళ్లి చేసిన నాలుగైదు నెలలకే మూడున్నర కిలోల బిడ్డ పుడితే, వేళ్లు మడిచి లెక్కపెట్టని పిన్నిగారు మన ఊళ్లలో మాత్రం ఎవరున్నారు? తోడికోడలికి మీరే ముందు చెప్పండి: 'కలిసి ఉంటున్నారు, బిడ్డ పుడుతోంది, పెళ్లి వాళ్లిష్టం.' రెండు రోజులు టెన్షన్ పడతారు, అంతే. పెళ్లి చేసుకుంటేనే మనవడు అన్నారంటే మాత్రం ఆ అమ్మాయి మీకు చాలాకాలం దూరమైపోతుంది.

మీవారి కోపం ఇప్పట్లో దిగదు. వాదించకండి. ఆ స్కాన్ ఫొటో తెరిచిన ఫోన్ ఆయన ముందు వదిలేసి వంటింట్లోకి వెళ్లండి.

ఏడో నెలలో సీమంతం గాజులు పంపండి, వీడియో కాల్లో వేసుకుంటుంది. సైజు ముందే కనుక్కోండి, మన రెండు ఆరు ఆ చేతికి పట్టకపోవచ్చు.