ప్యానెల్ కట్టే ముందు ఇది చదువు అల్లుడా

ఒరేయ్ అల్లుడా,

రాత్రి అక్క ఫోన్ చేసింది. ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లుకి కంట్రోల్ ప్యానెల్ నువ్వే సొంతంగా కడుతున్నావంట, అడ్వాన్స్ కూడా తీసుకున్నావంట. మామకి ఒక మాట చెప్పలా చూడు, దాని సంగతి ఇంటికొచ్చినప్పుడు తేలుస్తా. సంతోషమేసిందిరా, నిద్రే పట్టలా.

పిఎల్‌సీ, అదే మోటార్లని ప్రోగ్రామ్ ప్రకారం నడిపే ఆ చిన్న కంప్యూటర్, సీమెన్సా డెల్టానా మిత్సుబిషినా అనేది తర్వాత, ముందు అది కాలిపోతే కర్నూల్లో ఇంకోటి వెంటనే దొరుకుతుందా, దాని సాఫ్ట్‌వేర్ నీ ల్యాప్‌టాప్‌లో ఉందా చూసుకో. సెన్సార్లు పిఎన్‌పీనా (ప్లస్ సిగ్నల్ ఇచ్చేవి) ఎన్‌పిఎన్నా (మైనస్ సిగ్నల్ ఇచ్చేవి) కొనకముందే తేల్చుకో. ఇన్‌పుట్లు అవుట్‌పుట్లు లెక్కేసి పైన 20 శాతం ఎక్కువ పెట్టు, అంతా అయిపోయినాక ఇంకో సెన్సార్ పెట్టు అనని ఓనర్ని నేనింకా చూడలా.

డెల్టాలో మోడల్ నంబర్ చివర ఆర్ ఉంటే రిలే అవుట్‌పుట్, అంటే లోపల చిన్న స్విచ్చు కదిలి కరెంటు కలుపుతాది, టి ఉంటే ట్రాన్సిస్టర్, కదిలేదేమీ ఉండదు. రిలే కదా, కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటిచ్చే పెద్ద స్విచ్చు) కాయిల్ నేరుగా ఇచ్చేద్దాం అనుకుంటావు. నేనూ అట్లే అనుకున్నా.

2003లో ఒక వేరుశనగ మిల్లు, పేరెందుకులే. మధ్యలో రిలేలు పెడితే ఖర్చని కాయిల్స్ అన్నీ పిఎల్‌సీకే కలిపేసినా, కాయిల్ ఆగినప్పుడు ఎగిసే వోల్టేజీని మింగే సర్జ్ సప్రెసర్ కూడా లేదు. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ కూడా ఒక ఇన్‌పుట్‌కి ఇచ్చి ప్రోగ్రామ్‌తోనే ఆపించినా, వైరింగ్ సగం తగ్గిందని మురిసిపోయినా. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సాయంత్రం నేను అక్కడే ఉండగా స్క్రూ కన్వేయర్లో ఒకాయన తువ్వాలు చిక్కుకుంది. పక్కనోడు ఎర్ర బటన్ గుద్దినాడు. మోటార్ ఆగలా. పరిగెత్తి ప్యానెల్ తలుపు తీసి చూస్తే పిఎల్‌సీ మీద ఆ అవుట్‌పుట్ లైటు ఆరిపోయే ఉంది, కాంటాక్టర్ మాత్రం గుయ్యిమంటా పట్టుకొనే ఉంది. లోపల రిలే కాంటాక్ట్ అతుక్కుపోయింది రా. ప్రోగ్రామ్ ఆపమనే చెప్పింది, వినేదానికి అక్కడేమీ లేదు. మెయిన్ ఐసోలేటర్ లాగినా. తువ్వాలు మెడకి చుట్టుకోలా, భుజం మీదుంది కాబట్టి వదిలేసినాడు, బతికినాడు. నా చేతులు వణకతా ఉంటే ఆయనే టీ తెచ్చిచ్చినాడు.

అందుకే ఎర్ర బటన్ ఎన్‌సీ కాంటాక్ట్ (మామూలుగా కలిసుండి, గుద్దితే తెగేది) నేరుగా కాయిల్స్ సప్లైనే కొయ్యాల, పిఎల్‌సీకి ఇంకో కాంటాక్ట్‌తో కబురు చెప్తే చాలు. కాంటాక్టరే అతుక్కుంటే ఎట్ల అంటావేమో, మనుషులు దగ్గరగా మసిలే మోటార్లకి రెండు కాంటాక్టర్లు వరసగా పెట్టు, ఎర్ర బటన్ని, ఆ కాంటాక్టర్లని కనిపెట్టుకొనుండే సేఫ్టీ రిలే పెట్టు. ఓనర్ ఖర్చంటే ఆ డబ్బు నేనిస్తా, ఊరికే అనడంల్యా.

ఇంకోటి, మే నెల. చాలా పిఎల్‌సీలు 55 డిగ్రీల దాకానే ఓర్చుకుంటాయి, బయట 42 ఉంటే మూసిన ప్యానెల్ లోపలెంత ఉంటాదో ఆలోచించు. మోటార్ వేగం మార్చే విఎఫ్‌డీ నెత్తిన పిఎల్‌సీ పెట్టొద్దు, వేడంతా పైకే కొడతాది. ఫ్యాన్ ఫిల్టర్‌కి దూది పట్టేస్తాది, వారం వారం దులపమని ఆపరేటర్‌కి చెప్పు, వాడు దులపడు, మళ్ళా చెప్పు.

తిండి మానేసి రాత్రుళ్ళు వైరింగ్ చేస్తున్నావని అక్క ఏడుస్తాంది. తిని చెయ్యి నాయనా.

పవర్ ఇచ్చేదానికి ముందురోజు ఫోన్ చెయ్యి, తాడిపత్రి నుంచి బస్సెక్కి వస్తా. ఎర్ర బటన్ మొదట నేనే గుద్దుతా.

మీ మామ