తుంటి ఆపరేషన్ తర్వాత సీఆర్‌పీ ఎక్కువ, అల్బుమిన్ తక్కువ వస్తే నాయనమ్మ నడుస్తుందా?

తమ్ముడూ, మీ నాయనమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయి మూడో రోజని, రక్త పరీక్షలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేది) 140, అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) 2.8 వచ్చాయని, నడుస్తుందా అని అడిగావు. నేను డాక్టర్‌ను కాదు. హనుమకొండలో మా అమ్మకు ఇదే ఆపరేషన్ అయితే దగ్గరుండి చూసుకున్నాను.

మూడో రోజు సీఆర్‌పీ అంత ఉండడం మామూలే. ఎముక విరిగినా, కోత పెట్టినా పెరుగుతుంది. రెండు మూడు రోజులకు బాగా ఎక్కి తర్వాత దిగాలి. దిగినట్టే దిగి మళ్లీ పెరిగితే కుట్లు, మూత్రం, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉందేమోనని వెతుకుతారు. ఒక్క రిపోర్టు పట్టుకుని టెన్షన్ పడకు.

నాకు దిగులు అల్బుమిన్ గురించే. ఆపరేషన్ వాపు వల్ల కూడా అది పడిపోతుంది, నిజమే. కానీ ముందునుంచే సరిగా తినని ముసలివాళ్లకు పుండు మానడం, కాళ్లకు బలం రావడం ఆలస్యమవుతాయి. మన దగ్గరేమో చూడవచ్చిన ప్రతివాళ్లూ "పప్పు పెట్టకు, గుడ్డు పెట్టకు, చీము పడుతది" అంటారు. మా అమ్మ అది నమ్మి, చారన్నం నాలుగు మెతుకులు తిని పళ్లెం పక్కకు నెట్టేసేది. చివరికి సర్జనే మంచం పక్కన నిలబడి, "అవ్వా, పుండు మానేదే పప్పుతోని, గుడ్డుతోని" అని చెప్తే అప్పుడు తిన్నది. ఈ వయసులో, ఈ పరిస్థితిలో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. అంటే 50 కిలోల మనిషికి 60 గ్రాములైనా ఉండాలి. గుడ్డులో ఉండేది 6 గ్రాములే. అందుకే గుడ్డు, పెసరపప్పు, పాలు, పెరుగు కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ను అడిగాకే.

రాత్రిపూట మనుషుల్ని గుర్తుపట్టట్లేదని కూడా రాశావు. దాన్ని వయసు మీదకు తోసేయొద్దు. సోడియం తగ్గినా, ఇన్ఫెక్షన్ ఉన్నా, నొప్పి ఎక్కువైనా అలా అవుతుంది. ఇవాళే డాక్టర్‌కు చెప్పు.

నడుస్తుందా అన్నది ఏ ఒక్క రిపోర్టూ చెప్పదు. పడకముందు ఆమె ఎలా నడిచేదన్నదే పెద్ద ఆధారం. మామూలుగా ఆపరేషన్ మరుసటి రోజే లేపి నిలబెడతారు, మీ దగ్గర ఇంకా లేపకపోతే ఎందుకని అడుగు. మా అమ్మ మొదటిసారి లేచినప్పుడు వాకర్‌ను పట్టుకున్న పట్టుకు వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. ఫిజియో పక్కనే ఉండి "ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ అయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు" అంటూ ఒక్కో అడుగు వేయించింది.

డిశ్చార్జికి ముందు విటమిన్ డి పరీక్ష, ఇంకో ఎముక విరగకుండా ఇచ్చే మందు గురించి అడుగు. అలాంటి మందే జోలెడ్రోనిక్ యాసిడ్, దాని ఇంజెక్షన్ ఏడాదికోసారి ఇస్తారు, కానీ ముందు కాల్షియం, విటమిన్ డి, కిడ్నీ చూసుకోవాలి.