పైసా రాని ప్లగిన్ పనితో మావాడు పాడైపోతున్నాడా?

ప్రశ్న: మావాడు ఇంజినీరింగ్ మూడో ఏడాది. విమ్ అనే, కోడు రాసుకునే ఎడిటర్‌లో అడుగున కనిపించే స్టేటస్ లైన్ కోసం ఏదో ప్లగిన్, అంటే ఎడిటర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం, రాశాడు. దాన్ని ఎవరెవరో వాడుతున్నారట. వాళ్లకు జవాబులిస్తూ రాత్రి ఒంటిగంట దాకా మేలుకుంటాడు. పైసా రాదు. మూడు నెలల ఏఐ కోర్సులో చేరమంటే వినడు. రెండింటిలో ఏది మేలు?

జవాబు: రెండింటినీ పోల్చి చెబుతాను గానీ, మీ అసలు దిగులు అది కాదనుకుంటా. "మీవాడేం చేస్తున్నాడు?" అని ఎవరైనా అడిగితే "ఏఐ నేర్చుకుంటున్నాడు" అనడం తేలిక. "తెర అడుగున ఒక వరస రాస్తున్నాడు" అనాలంటే మీకు నామోషీ. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలానే వస్తాయి. పిల్లవాడు చేసే పని మారుతుందంతే.

తన ఎడిటర్‌కి రంగులు మార్చుకుంటూ, బాణం గుర్తులు కుదరలేదని ఫాంట్లు వెతుక్కుంటూ కూర్చుంటే అది సరదా. విమ్ పట్టినవాళ్లలో చాలామందికి ఆ పిచ్చి ఒకసారి పడుతుంది. అదే పనిగా పెట్టుకుంటే మీతోపాటు నేనూ కసురుతాను. నలుగురూ వాడేదాన్ని చెడకుండా నడపడం అలాంటిది కాదు.

ఉదాహరణకి, "మీ ప్లగిన్ పెట్టాక కర్సర్ ఈడుస్తోంది" అని ఎవరో రాస్తారు. మీవాడి మెషిన్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది. తవ్వగా తవ్వగా తేలేదేమిటంటే, స్టేటస్ లైన్‌ని తిరిగి గీసినప్పుడల్లా బ్రాంచి పేరు (ప్రాజెక్టులో ఏ శాఖ మీద పని జరుగుతోందో ఆ పేరు) కోసం కోడు గిట్‌ని, అంటే మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాంని, పిలుస్తోంది. చిన్న ప్రాజెక్టులో అది తెలియదు, పెద్దదాంట్లో ప్రాణం తీస్తుంది. పేరు ఒకసారి తెచ్చి దాచుకుని, ఫైలు మారినప్పుడో సేవ్ చేసినప్పుడో మాత్రం సరిచూసుకోవాలి. ఇంకొకరు ఫైలుకి తెలుగులో పేరు పెడతారు. 'అమ్మ' కంటికి రెండక్షరాలే, కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో 12 బైట్లు. బైట్లు లెక్కేసి పేరు కత్తిరించే కోడు అక్షరాన్ని మధ్యలో నరికేస్తుంది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ అనే ఎడిటర్ 2022లో 0.7 వెర్షన్‌తో, తెరిచిన కిటికీలన్నిటికీ కలిపి ఒకే స్టేటస్ లైన్ పెట్టుకునే వీలు తెచ్చింది. స్టేటస్ లైన్ ఎప్పుడు కనిపించాలో చెప్పే 'లాస్ట్‌స్టేటస్' సెట్టింగుకి అప్పటిదాకా 0, 1, 2 ఉండేవి, 3 కొత్తగా వచ్చింది. కొత్తది కావాలనేవాళ్లూ, పాత వెర్షన్ వదలనివాళ్లూ ఒకేసారి మీదపడితే ఎవరికి ఏం చెప్పాలో ఏ సిలబస్‌లోనూ లేదు.

ఇక ఆ మూడు నెలల కోర్సు. నేనూ ఒకప్పుడు పిల్లల్ని అలాంటివాటికి పంపినవాణ్ణే. తిరిగొచ్చినవాళ్ల రెజ్యూమెలు చూశాక అనుమానం మొదలైంది. అందరిదీ ఒకే డేటా, ఒకే ప్రాజెక్టు. "ఈ మోడలే ఎందుకు?" అంటే నేల చూపులు. ఏఐ మీద నాకు కోపం లేదు. దానికి కావలసిన లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మీవాడి కాలేజీలోనే చెబుతారు, అవి గట్టిగా చదవమనండి. అన్నట్టు ఓపెన్ సోర్స్ (కోడు అందరికీ తెరిచిపెట్టే పద్ధతి) కూడా ఇప్పుడు ఫ్యాషనే. ప్రాజెక్టు పరిచయం రాసే రీడ్‌మీ ఫైల్లో అక్షరదోషం దిద్ది "కాంట్రిబ్యూటర్‌ని" అని చెప్పుకునేవాళ్లు బోలెడుమంది. మీవాడు ఆ బాపతు కాదని మీ ఉత్తరమే చెబుతోంది.

కొంచెం కటువుగా అడుగుతాను, ఏమనుకోకండి. "పైసా రాదు" అని వాడి ముందు ఎన్నిసార్లు అన్నారు? రాసింది చూపించమని ఒక్కసారైనా అడిగారా? ముక్కూమొహం తెలియనివాళ్ల ఫిర్యాదు ఓపిగ్గా చదివి, సరిచేసి, మర్యాదగా జవాబిచ్చే కుర్రాడు మీ ఇంట్లో ఉన్నాడు. మీరేమో వాణ్ణి పాడైపోయినవాళ్ల లెక్కలో రాస్తున్నారు.

ఆ ప్లగిన్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు, నిజమే. అడిగిన ప్రతి ఫీచరూ చేర్చుకుంటూ పోతే వాడి నిద్రే పోతుంది. "ఇది ఈ ప్లగిన్ పని కాదు" అని చెప్పి ఇష్యూ (వచ్చిన ఫిర్యాదు లేదా కోరిక) మూసేయడం వాడు నేర్చుకోవాలి. జవాబులు వారాంతంలోనే ఇస్తానని ప్లగిన్ పేజీ పైనే రాసిపెట్టమనండి. రోజూ వాడే ఇంకొకరికి మార్పులు కలిపే హక్కు ఇస్తే బరువు సగం దిగుతుంది. రెజ్యూమెలో "ప్లగిన్ రాశాను" అని ఊరుకోకుండా, ఏది ఎందుకు చెడింది, ఎలా పట్టుకున్నాడు అనేది రెండు వాక్యాల్లో పెట్టమనండి.

ఈ ఆదివారం పక్కన కూర్చుని, ఈమధ్య సరిచేసిన బగ్ ఒకటి చూపించమనండి. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనండి. వాడికి సబ్జెక్టులేమైనా మిగిలిపోయి ఉంటే మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయండి, అప్పుడు నా జవాబు వేరుగా ఉంటుంది.