క్లచ్ తొక్కినప్పుడే వచ్చే కీచు శబ్దం

ప్రశ్న: మా బొలెరో కొని పన్నెండేళ్లయింది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి మొదటి గేరులో ఆగితే కింద నుంచి కీచుమని శబ్దం వస్తోంది; పెడల్ వదిలి బండి కదిలితే ఆగిపోతోంది. రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే బేరింగ్) మార్పించినా తగ్గలేదు. రివర్సు గేరు కూడా గరగరమంటూ పడుతోంది. కారణమేమిటి?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి పైలట్ బేరింగ్‌నే ముందుగా అనుమానించాలి. గేర్ బాక్సు నుంచి వచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ కొనకు ఆసరాగా, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ చివర లేదా ఫ్లైవీల్ (క్రాంక్ షాఫ్ట్‌కు బిగించిన బరువైన చక్రం) మధ్యలో ఉండే చిన్న బేరింగ్ ఇది. పెడల్ వదిలినప్పుడు షాఫ్టు, ఇంజిన్ ఒకే వేగంతో తిరుగుతాయి కనుక దీనికి పనే ఉండదు. గేరులో ఉంచి క్లచ్ తొక్కి బండిని నిలిపితే మాత్రం షాఫ్టు కదలదు, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. అరిగిన బేరింగ్ అరిచేది అప్పుడే.

రిలీజ్ బేరింగ్‌ది వేరే తీరు. గేరు న్యూట్రల్‌లో ఉన్నా, పెడల్‌ను కాస్త నొక్కగానే దాని శబ్దం మొదలవుతుంది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వినిపించి, తొక్కితే ఆగే శబ్దమైతే గేర్ బాక్సు లోపలి బేరింగ్‌ను చూడాలి. ఈ తేడాలను గమనించకుండా గేర్ బాక్సు దింపడం డబ్బు దండగ. బిగుసుకున్న పైలట్ బేరింగ్ షాఫ్టును ఇంజిన్‌తో పాటు లాగుతుంది కనుక రివర్సు గరగరమంటుంది; అయితే క్లచ్ పూర్తిగా విడిపోకపోయినా అదే జరుగుతుంది కాబట్టి, ఖర్చులేని పని కనుక, ముందుగా క్లచ్ ఆయిల్‌నూ పెడల్ ఆటనూ (తొక్కగానే పెడల్ ఖాళీగా కదిలే దూరాన్ని) చూపించండి.

రిలీజ్ బేరింగ్ కోసం గేర్ బాక్సు దింపిన రోజే పైలట్ బేరింగ్‌నూ మార్చి ఉండవలసింది; బేరింగ్ ధర కన్నా దింపి ఎక్కించే కూలీయే ఎక్కువ. బిగించేటప్పుడు సుత్తి దెబ్బ లోపలి రింగుపై పడకూడదు. జాకీ ఆసరా లేకుండా గేర్ బాక్సు బరువంతా షాఫ్టు కొనపై వేలాడితే కొత్త బేరింగ్ కూడా మొదటి రోజే దెబ్బతింటుంది. మా అనుభవంలో తరచుగా జరిగే పొరపాటు ఇదే. కొన్ని బండ్లలో బేరింగ్‌కు బదులు నూనె పీల్చుకున్న కంచు బుష్ ఉంటుంది. దానికి గ్రీజు పూస్తే సూక్ష్మ రంధ్రాలు మూసుకుపోతాయి, ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టాలి.

సిగ్నల్ దగ్గర ఎక్కువసేపు ఆగవలసి వస్తే న్యూట్రల్ చేసి పెడల్ వదలండి. బేరింగ్ మార్చేటప్పుడు షాఫ్టు కొనపై వేలితో తడిమి చూడమనండి. గాడి పడి ఉంటే కొత్త బేరింగ్ వేసినా నిలవదు, షాఫ్టునూ మార్చవలసి ఉంటుంది.